ఇంటిల్లిపాదికీ ఒకే వంట: జర్మన్ పద్ధతిలో క్యాబేజీ నూడుల్స్



బి.పి. ఉన్నవారిని ఇంటికి పంపేటప్పుడు "ఉప్పు తగ్గించండి" అని చెబుతాము. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు చాలామంది చెప్పే మాట ఒక్కటే. "నాకొక్కడికే చప్పిడి కూర వండారు సిస్టర్. నాలుగు రోజులు తిన్నాను, ఆ తరువాత నా వల్ల కాలేదు." పథ్యం నిలబడాలంటే రోగికి వేరే గిన్నె పెట్టకూడదు. అందరూ ఇష్టంగా తినే వంటలోనే ఉప్పు తగ్గాలి. అటువంటి వంట ఒకటి ఈసారి తెలియజేస్తున్నాను.

జర్మనీలో దీనిని క్రౌట్‌నూడెల్న్ అంటారు. క్రౌట్ అంటే క్యాబేజీ. చలికాలంలో చాలా రోజులు నిలువ ఉండే కూర కాబట్టి అక్కడి సామాన్యుల ఇళ్ళలో క్యాబేజీ వాడకం ఎక్కువ. పొరుగున ఉన్న ఆస్ట్రియాలో నూడుల్స్‌కు బదులు చిన్న చదరపు పిండి ముక్కలు వేస్తారు. చాలా ఇళ్ళలో పంది మాంసం ముక్కలు, వెన్న కూడా వేస్తారు. మనము అవి మాని కొద్ది నూనెతో చేసుకుందాము.

కావలసినవి (నలుగురికి)

క్యాబేజీ 600 గ్రాములు, గుడ్డు కలిపిన నూడుల్స్ 200 గ్రాములు, పెద్ద ఉల్లిపాయలు 2, నూనె 2 టేబుల్ స్పూన్లు, షాజీరా అర టీ స్పూను, పంచదార అర టీ స్పూను, మిరియాల పొడి, వెనిగర్ లేక నిమ్మరసం 1 టీ స్పూను, ఉప్పు అర టీ స్పూను.

చేసే విధానము

1. ఉల్లిపాయలు సన్నగా తరిగి, నూనెలో సన్నని సెగమీద బంగారు రంగు వచ్చేవరకు వేయించండి. షాజీరా, పంచదార వేయండి.

2. వేలెడు వెడల్పున తరిగిన క్యాబేజీ వేసి, మూత పెట్టకుండా 15 నుండి 20 నిమిషాలు కలుపుతూ వేయించండి. అంచులు ఎర్రబడాలి.

3. నూడుల్స్ వేరుగా, ఉప్పు లేని నీటిలో ఉడికించి వార్చండి.

4. రెండూ కలిపి, ఉప్పు, మిరియాల పొడి చల్లి, దించిన తరువాత వెనిగర్ కలపండి.

నేను మొదటిసారి చేసినప్పుడు తొందరపడి క్యాబేజీని నీళ్ళలో ఉడకబెట్టాను. ఇల్లంతా వాసన, ఎవరూ ముట్టలేదు. ఎక్కువసేపు ఉడికితే క్యాబేజీలోని గంధకపు పదార్థాలు ఆ వాసన ఇస్తాయి. విటమిన్ సి కూడా నీటిలోకి పోతుంది. నీరు ఇగిరేలా వేయిస్తే క్యాబేజీలోని తీపి పైకి వస్తుంది. ఆ తీపి, మిరియాల ఘాటు, వెనిగర్ పులుపు ఉన్నప్పుడు ఉప్పు తక్కువైనట్టు నాలుకకు తెలియదు.

పెద్దవారికి రోజంతటికీ ఉప్పు 5 గ్రాముల లోపే, అంటే టీ స్పూనుకు మించకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇందులో మనము వేసేది మనిషికి అర గ్రాము పైచిలుకు మాత్రమే. నూడుల్స్‌తో వచ్చే మసాలా పొట్లాలలో ఉప్పు చాలా ఎక్కువ. వాటిని వాడవద్దు.

గమనించండి

• షుగరు ఉన్నవారు: నూడుల్స్ కూడా అన్నం వంటివే. పళ్ళెంలో క్యాబేజీ ఎక్కువ, నూడుల్స్ తక్కువ పెట్టుకోండి. తోడుగా ఉడికించిన గుడ్డు గాని, శనగలు గాని తీసుకోండి. ఇది తిన్న పూట అన్నం మానండి.

• రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వాడుతున్నవారు: క్యాబేజీలో విటమిన్ కె ఉంటుంది. అది మందు పనిని తగ్గించగలదు. మానవలసిన అవసరం లేదు గాని, ఒక వారం బాగా తిని మరో వారం మానేయడం మంచిది కాదు. డాక్టరు గారికి తెలియజేయండి.

• పొట్ట ఉబ్బరం ఉన్నవారు, పేగుల ఆపరేషన్ అయినవారు: ముందుగా అడిగి, కొద్దిగా మొదలుపెట్టండి.

ఈ వారం ఒక పూట వండి చూడండి. రోగితోపాటు అందరూ అదే గిన్నెలోది వడ్డించుకోండి. ఒంటరిగా తినే పథ్యం కన్నా, కలిసి తినే భోజనం ఎక్కువ రోజులు నిలుస్తుంది.

— నర్సింగ్ సూపరింటెండెంట్