ఛార్జింగ్ దీపం వెనుక ఆల్టర్నేటర్

కారు తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మతో వెలిగి, ఇంజిన్ అందుకోగానే ఆరిపోయే ఎర్రదీపం కేవలం సమాచారం చెప్పడానికే ఉన్నదని చాలామంది భావిస్తారు. చాలాకాలం పాటు తయారైన కార్లలో మాత్రం ఆ దీపం విద్యుదుత్పత్తిలో పాలుపంచుకునే ఒక భాగం; దానిలోని తీగ తెగిపోతే, ఏ లోపమూ లేని ఆల్టర్నేటర్ కూడా పని మొదలుపెట్టకుండా మొరాయించవచ్చు. ఈ ఏర్పాటులోని నేర్పు తెలియాలంటే ఆల్టర్నేటర్ దేనిని పక్కకు నెట్టి వచ్చిందో ముందు చూడాలి.

అంబాసిడర్ వంటి కార్లకు మొదట్లో అమర్చినది డైనమో. అందులో అయస్కాంత క్షేత్రం నిశ్చలంగా ఉంటుంది, విద్యుత్తు పుట్టే తీగచుట్టలు దాని మధ్య తిరుగుతాయి. అలా తిరిగే చుట్టలో పుట్టేది క్షణక్షణం దిశ మార్చుకునే ఏకాంతర విద్యుత్తు కాగా, బ్యాటరీకి కావలసింది ఒకే దిశలో పారే ఏకముఖ విద్యుత్తు. అందువల్ల రాగి పలకలను ఇరుసు చుట్టూ పేర్చిన కమ్యుటేటర్, దానిని ఒరుసుకుంటూ ఉండే కార్బన్ బ్రష్‌లు కలిసి ఆ దిశను సరిచేసేవి. కారు వాడుకునే మొత్తం కరెంటు, అంటే సుమారు 20 ఆంపియర్లు, ఆ ఒరిపిడి గుండానే బయటికి రావలసి ఉండేది. వేగం మితిమీరితే బరువైన చుట్టలు అపకేంద్ర బలానికి గాడుల్లోంచి పైకి లేచే ప్రమాదం ఉండటంతో, చిన్న పుల్లీ బిగించి డైనమోను మరింత వేగంగా తిప్పుకునే వీలూ లేదు. ఫలితంగా ఇంజిన్ నెమ్మదిగా నడుస్తున్నప్పుడు దాని నుంచి వచ్చేది దాదాపు శూన్యం. వానాకాలపు రాత్రి ట్రాఫిక్‌లో ఆగిన కారులో హెడ్‌లైట్లకూ వైపర్‌కూ బ్యాటరీ ఒక్కటే దిక్కు.

ఇది చాలదన్నట్లు డైనమోకు తోడుగా ఒక నియంత్రణ పెట్టె ఉండేది. అందులోని కట్-అవుట్ అనే రిలే, డైనమో వోల్టేజి పడిపోయినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి పారి డైనమోను కాల్చివేయకుండా సంబంధం తెంచేది. రెండవది వోల్టేజిని, మూడవది కరెంటును హద్దులో ఉంచేవి. కాంటాక్ట్ పాయింట్లతో, స్ప్రింగులతో టకటకలాడే ఈ మూడింటినీ సరిదిద్దడం ఆటో ఎలక్ట్రీషియన్ల నిత్యకృత్యం.

ఆల్టర్నేటర్ ఈ అమరికను తిరగవేసింది. ఇక్కడ విద్యుత్తు పుట్టే లావుపాటి చుట్టలు స్టేటర్ రూపంలో కవచానికి అంటిపెట్టుకొని కదలకుండా ఉంటాయి. అయస్కాంతమే రోటర్‌గా మారి వాటి నడుమ తిరుగుతుంది. బ్రష్‌లు ఇప్పుడు మోయవలసింది రోటర్‌ను అయస్కాంతంగా మార్చే కొద్ది ఆంపియర్ల కరెంటును మాత్రమే, అదీ అతుకులు లేని నున్నటి స్లిప్ రింగుల మీదుగా. లండెల్ పేరుతో ప్రసిద్ధమైన ఈ రోటర్ నిర్మాణం చూడముచ్చటైనది. ఇరుసు చుట్టూ ఒకే ఒక్క చుట్ట, దానికి రెండు వైపులా గోళ్ల వంటి కొసలున్న రెండు ఇనుప బిళ్లలు ఉంటాయి. రెండు చేతుల వేళ్లు ఒకదాని సందులో ఒకటి దూర్చినట్లు ఆ కొసలు అమరి ఉండటం వల్ల, ఒక బిళ్లకు చెందిన ఆరు కొసలు ఉత్తర ధ్రువాలుగా, మరొకదాని ఆరు కొసలు దక్షిణ ధ్రువాలుగా మారి, ఒక్క చుట్టతోనే పన్నెండు ధ్రువాలు ఏర్పడతాయి. ఇంజిన్ కంటే రెండు మూడు రెట్ల వేగంతో తిరిగినా చెదరనంత దృఢమైనది కాబట్టి, ఇంజిన్ ఖాళీగా నడిచేటప్పుడు కూడా ఇది పనికివచ్చేంత కరెంటు ఇస్తుంది.

స్టేటర్‌లోని మూడు చుట్టలలో పుట్టిన ఏకాంతర విద్యుత్తును ఆరు సిలికాన్ డయోడ్లు ఏకముఖంగా మారుస్తాయి. డయోడ్ కరెంటును ఒక్క దిశలోనే పోనిస్తుంది కనుక బ్యాటరీ నుంచి వెనక్కి పారే దారి దానంతటదే మూసుకుపోతుంది, కట్-అవుట్ అవసరం తీరిపోతుంది. అంతకంటే సొగసైనది కరెంటు నియంత్రణ. రోటర్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే స్టేటర్‌లో సెకనుకు 600 ఆవృత్తాలు పుడతాయి. వేగంతో పాటు వోల్టేజి పెరిగినా, కరెంటు మార్పును అడ్డుకునే చుట్ట స్వభావం, అంటే ప్రేరకత్వం వల్ల కలిగే నిరోధం కూడా పౌనఃపున్యంతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అందుచేత కరెంటు ఒక గరిష్ఠ స్థాయిని దాటదు, దానికి వేరే రిలే అక్కరలేదు. మిగిలిన పని వోల్టేజి రెగ్యులేటర్‌ది. అది రోటర్ కరెంటును తెంచి కలుపుతూ వోల్టేజిని సుమారు 14 దగ్గర నిలుపుతుంది.

రోటర్‌కు కరెంటు అందితేగాని స్టేటర్‌లో విద్యుత్తు పుట్టదు, స్టేటర్‌లో పుడితేగాని రోటర్‌కు కరెంటు అందదు. ఈ చిక్కుముడిని విప్పేది ఎర్రదీపమే. తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటు ఆ దీపం గుండా, రెగ్యులేటర్, బ్రష్‌ల మీదుగా రోటర్‌లోకి పారుతుంది. దీపం వెలగడానికి కారణం అదే. రోటర్‌లో పుట్టే స్వల్ప అయస్కాంతత్వం మొదటి ఊపుకు సరిపోతుంది. ఆపైన మరో మూడు చిన్న డయోడ్లు స్టేటర్ నుంచే రోటర్‌కు కరెంటు అందిస్తాయి, దీపానికి అటూ ఇటూ వోల్టేజి సమానమై అది ఆరిపోతుంది.

సిలికాన్ డయోడ్లు చౌకగా దొరికే దాకా ఈ యంత్రం ఇంటింటి కారుకు చేరలేదు. అమెరికాలో లీస్-నెవిల్ సంస్థ పోలీసు వాహనాలకు, అంబులెన్సులకు ముందే ఆల్టర్నేటర్లు అమ్మింది గాని, వాటితో పాటు పెద్ద సెలీనియం రెక్టిఫయర్‌ను వేరుగా బిగించుకోవలసి వచ్చేది. 1960 నాటి క్రైస్లర్ వేలియంట్‌తో అది సాధారణ కారులోకి ప్రవేశించింది, రెండు దశాబ్దాలలో డైనమో దాదాపు కనుమరుగైంది.

లోపాన్ని కనిపెట్టడమంటే ఈ సూత్రాన్నే తిరిగి చదవడం. తాళం తిప్పినా దీపం వెలగలేదంటే ఆ దారిలో ఎక్కడో తెగింది: దీపమో, అరిగిన బ్రష్‌లో, రోటర్ చుట్టో. ఇంజిన్ నడుస్తుండగా మసకగా వెలుగుతుంటే రెండు వైపులా వోల్టేజి సమానంగా లేదన్నమాట, అనుమానం ఏదో డయోడ్ మీదికి పోవాలి. కారుతున్న డయోడ్ రాత్రికి రాత్రే బ్యాటరీని ఖాళీ చేస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్‌ను ఏకాంతర వోల్టేజికి తిప్పి బ్యాటరీ మీద పెడితే అర వోల్టు దాటడం దాని గుర్తు. ఏకముఖ వోల్టేజి ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 12.6, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 వరకు ఉండటం ఆరోగ్యం; 15 దాటితే రెగ్యులేటర్ పట్టు తప్పింది. ఆల్టర్నేటర్ దగ్గర 14 ఉండి బ్యాటరీ దగ్గర 13 మాత్రమే కనిపిస్తే యంత్రం నిర్దోషి, తుప్పుపట్టిన తీగో ఎర్తింగో దోషి. బెల్టు వదులైనదేమో చూడకుండా ఇంత దూరం రావడం కూడా దండగే.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, ఇంజిన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్లే అని తేల్చే పద్ధతి డైనమో కాలపు అవశేషం, నేడు అది చేటు. హఠాత్తుగా విద్యుత్ భారం తొలగగానే రోటర్ క్షేత్రం వెంటనే తగ్గదు కనుక వోల్టేజి పదుల వోల్టులకు ఎగబాకి డయోడ్లనూ ఇంజిన్ కంప్యూటర్‌నూ బలిగొనవచ్చు.

ఆల్టర్నేటర్‌ను మార్చవలసివస్తే మొదట ఊడదీయవలసింది బ్యాటరీ నెగటివ్ తీగ. ఆల్టర్నేటర్ వెనుక ఉన్న లావు తీగ తాళంతో నిమిత్తం లేకుండా ఎల్లప్పుడూ బ్యాటరీతో కలిసే ఉంటుంది, స్పానర్ అటు దానినీ ఇటు ఇంజిన్‌నూ తాకితే నిప్పురవ్వలు తప్పవు. ఆ తరువాత బెల్టు వదులు చేసి, ప్లగ్గులూ బోల్టులూ విప్పి కొత్తది బిగించడం సులభమే. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని మాత్రం ముందుగా బయట ఛార్జ్ చేయించాలి. లేకపోతే కొత్త ఆల్టర్నేటర్ మొదటి రోజే గంటల తరబడి గరిష్ఠ కరెంటు ఇస్తూ వేడెక్కిపోతుంది.

ఇటీవలి కార్లలో వోల్టేజి ఎంతుండాలో ఇంజిన్ కంప్యూటర్ నిర్ణయిస్తోంది. ఇంధనం ఆదా కోసం వేగం పెంచేటప్పుడు ఛార్జింగ్ తగ్గించి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెంచుతుంది; అటువంటి కారులో మీటరు 12.8 చూపినంత మాత్రాన ఆల్టర్నేటర్ చెడిపోయినట్లు కాదు, కంప్యూటర్ ఎంత అడిగిందో స్కానర్‌తో చూసిన తరువాతే స్పానర్ పట్టుకోవాలి.