వేసవి బడికి దరఖాస్తు

వేసవిలో ఇంటరు పిల్లలకు కోచింగు తప్ప వేరే చదువుందా అంటే, ఉందండీ! ఆర్నాల్డ్ రాస్ అనే గణితాచార్యుడు 1957లో అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో ఒక వేసవి బడి పెట్టాడు. 1964లో అది ఆయన వెంటే ఒహాయో స్టేట్‌కు తరలింది. ఆయన 2002లో కాలం చేసినా బడి నేటికీ నడుస్తోంది. ఆరు వారాలు, ముఖ్యపాఠం సంఖ్యా సిద్ధాంతం. జోస్యాల సంఖ్యాశాస్త్రం కాదు సుమా, పూర్ణాంకాల గుట్టు విప్పే గణితం!

మా మేనకోడలు ఈ బడికి దరఖాస్తు పెట్టింది. మార్కులతో సరిపోదు, వాళ్ళిచ్చిన లెక్కలు చేసి పంపాలి. జవాబు ఒక్కటే చాలదు, అది ఎందుకు నిజమో రాయాలి.

“ట్యూషను మాస్టారి చేత చేయించెయ్యమ్మా” అన్నారు పక్కింటి ప్లీడరు గారు.

“అయితే బడికి మాస్టారే వెడతారా, మామయ్యా?” అంది నాతో.

మూడు వారాలు కుస్తీపట్టినా చివరి లెక్క సగంలోనే ఆగింది. ఆగినచోటు వరకూ రాసింది.

“సగం లెక్క పంపితే నవ్వరుట్రా?” అంది అక్కయ్య.

“ఆ సగమూ దాని సొంతం కదే!” అన్నాను.

ఫలితం ఇంకా రాలేదు. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: ఫీజు, ప్రయాణం ఖర్చులు, ఆర్థిక సహాయం సంగతి ముందే విచారించండి. కాగితం మీది లెక్క మాత్రం పిల్లలకే వదిలెయ్యండి.