పిల్లలకు నవలలు చదివి వినిపించడం

పిల్లలకు నవలలు చదివి వినిపించడం అనగా ఇంట్లోగాని బడిలోగాని పెద్దవారు ఒక నవలను రోజుకు కొంత చొప్పున, కొన్ని రోజులు లేదా వారాలపాటు, పిల్లల ఎదుట పైకి చదవడం. పిల్లలు తమంతట తాము పెద్ద పుస్తకం చదవగలిగే వయసుకు ముందే నవలలోని ఆనందాన్ని రుచి చూడడానికి ఇది ముఖ్యమైన మార్గం. చదువు మీద ఆసక్తి పిల్లలకు చాలావరకు ఆసక్తితో చదివే పెద్దల సాంగత్యం వలన కలుగుతుంది. ఆ సాంగత్యానికి ఇది అత్యంత సులభమైన రూపమని చెప్పవచ్చును.

కథ చెప్పడానికీ, చదివి వినిపించడానికీ తేడా

తెలుగు ఇళ్ళలో నాయనమ్మలు, అమ్మమ్మలు, తాతయ్యలు కథలు చెప్పడం అనాదిగా ఉన్న ఆచారం. కథ చెప్పేటప్పుడు మాటలు చెప్పేవారివి. వినేవారిని బట్టి కథ పెరుగుతుంది, తరుగుతుంది. చదివి వినిపించేటప్పుడు మాటలు పుస్తకానివి. అవే మాటలు, అదే క్రమంలో, ఎన్నిసార్లు తెరిచినా అక్కడే ఉంటాయని పిల్లలు గ్రహిస్తారు. అచ్చులోని గుర్తులకు, వినబడే మాటకు గల సంబంధం ఈ విధంగా పాఠం చెప్పకుండానే తెలుస్తుంది.

చిన్న కథ ఒక కూర్చోవడంలో ముగుస్తుంది. నవల ముగియదు. నిన్న ఎక్కడ ఆగిందో జ్ఞాపకం ఉంచుకోవాలి, పాత్రల పేర్లు, వారి స్వభావాలు మనసులో నిలుపుకోవాలి, తరువాత ఏమగునో ఊహించాలి. ఈ మూడు పనులూ నవలా పఠనానికి పునాది వంటివి.

చరిత్ర

పుస్తకాన్ని ఒకరు చదవగా పలువురు వినడం భారతదేశంలో ప్రాచీనమైన పద్ధతి. పురాణ కాలక్షేపంలో పౌరాణికుడు పద్యం చదివి అర్థం చెబుతుండగా ఊరివారు, వారితోపాటు పిల్లలు, కూర్చుని వినేవారు. అక్షరజ్ఞానం లేనివారు కూడా భారత, భాగవత కథలను ఈ విధంగా తెలుసుకునేవారు.

19వ శతాబ్దంలో ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ నవలలు భాగాలుగా వెలువడేవి. 1836-37లో వచ్చిన ‘పిక్విక్ పేపర్స్’ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అటువంటి భాగాలను కుటుంబంలో ఒకరు చదవగా మిగిలినవారు వినడం అప్పటి అలవాటు. తెలుగులో తొలి నవలల్లో ఒకటైన కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ కూడా 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో ధారావాహికగా ప్రారంభమై, 1880లో పుస్తకంగా వెలువడింది.

పిల్లలకు వినిపించడంలోనే పుట్టిన నవలలు కూడా కలవు. 1862 జూలై 4న పడవ ప్రయాణంలో ముగ్గురు అక్కచెల్లెళ్ళకు లూయిస్ కరోల్ చెప్పిన కథ 1865లో ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’గా అచ్చయింది. రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1881లో స్కాట్లండులోని బ్రేమార్‌లో వానల వలన ఇంటిలో ఉండిపోయి, సవతి కుమారుడు లాయిడ్‌తో కాలక్షేపంగా ఒక దీవి పటం గీశాడు. ఆ పటం ఆధారంగా రోజుకొక ప్రకరణం చొప్పున వ్రాస్తూ ఇంటివారికి చదివి వినిపించాడు. వింటున్న అతని తండ్రి కూడా ఉత్సాహపడి, కథలోని నావికుని పెట్టెలో ఏయే వస్తువులు ఉండాలో జాబితా వ్రాసి ఇచ్చాడు. ‘ట్రెజర్ ఐలండ్’ ఈ విధంగా మొదలై, 1883లో పుస్తకంగా వచ్చింది. వినేవారిలో బాలుడు, తాత ఇద్దరూ సమానంగా ఆనందించిన సందర్భంగా ఇది గమనించదగినది.

తెలుగులో

చందమామ ధారావాహికలు

1947 జూలైలో బి.నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ప్రారంభించిన ‘చందమామ’ మాసపత్రిక తెలుగు పిల్లలకు చిన్న కథ నుండి నవలకు వంతెనగా ఉపయోగపడింది. ప్రతి సంచికలో చిన్న కథలతోపాటు ఒక ధారావాహిక ఉండేది. దాసరి సుబ్రహ్మణ్యం (1932-2010) 1952లో ఈ పత్రికలో చేరి ఐదు దశాబ్దాలకు పైగా పనిచేశాడు. 1954లో మొదలైన ‘తోకచుక్క’ తరువాత ఆయన ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘మాయాసరోవరం’ మొదలైన జానపద సాహస నవలలను వ్రాశాడు. వీటిలో చాలావాటికి చిత్ర అనే పేరుతో ప్రసిద్ధుడైన చిత్రకారుడు బొమ్మలు వేశాడు.

ఈ ధారావాహికలు పైకి చదవడానికి అనువుగా ఉండడానికి కారణాలు స్పష్టం. ప్రతి భాగం ప్రారంభంలో జరిగిన కథ క్లుప్తంగా ఇవ్వబడేది. భాగం చివర వీరుడు ఏదో ఒక ఆపదలో చిక్కుకొని ఉండేవాడు. వాక్యాలు చిన్నవి. 1952 నుండి 1980లో మరణించే వరకు పత్రిక సంపాదక బాధ్యతలు నిర్వహించిన కొడవటిగంటి కుటుంబరావు సరళమైన, సూటిగా సాగే వచనానికి ప్రాధాన్యమిచ్చాడు. ఒకే సంచికను అక్షరాలు వచ్చిన పెద్ద పిల్లలు చదవగా, రానివారు చుట్టూ చేరి బొమ్మలు చూస్తూ వినడం అనేక ఇళ్ళలో జరిగేది. తరువాతి భాగం కొరకు నెలరోజులు ఎదురుచూడడం కూడా ఆనందంలో భాగమే.

అనువాద నవలలు

నండూరి రామమోహనరావు (1927-2011) ‘ట్రెజర్ ఐలండ్’ను ‘కాంచనద్వీపం’గాను, మార్క్ ట్వేన్ నవలలను ‘టామ్ సాయర్’, ‘హకల్‌బెరీ ఫిన్’, ‘రాజు-పేద’ మొదలైన పేర్లతోను తెలుగులోనికి తెచ్చాడు. సోవియట్ యూనియన్‌లోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు ముద్రించిన తెలుగు బాలల పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకశాలల ద్వారా తక్కువ ధరకు లభించేవి. 1991లో సోవియట్ యూనియన్ పతనంతో వాటి రాక ఆగిపోయింది. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో ప్రచురించిన ‘తొత్తోచాన్’ తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. నవల కాకపోయినా, ప్రతి ప్రకరణం చిన్నదై, తనలో తాను పూర్తిగా ఉండడం వలన ఇది వినిపించడానికి ఎంతో అనువైనది.

ఉపయోగాలు

పిల్లలు చదివి అర్థం చేసుకోగలిగిన దానికంటె విని అర్థం చేసుకోగలిగినది చాలా ఎక్కువ. ప్రాథమిక పాఠశాల కాలమంతా ఈ ఎడం ఉంటుంది. తెలుగులో అచ్చులు, హల్లులతోపాటు గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు పట్టుబడడానికి సమయం పడుతుంది. గుణింతాలు కూడబలుక్కుంటున్న పిల్లవాడు ఒక వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోవచ్చును. అదే పిల్లవాడు మాయామంత్రాల నవలను రెండు గంటలైనా విసుగులేకుండా వినగలడు. చదువు కష్టంగా ఉన్న దశలో పుస్తకం వలన కలిగే సుఖం ఎటువంటిదో తెలిసి ఉంటే, ఆ కష్టాన్ని ఓర్చుకోవడానికి కారణం దొరుకుతుంది.

పుస్తకాలలోని మాటల సంపద ఇంటి సంభాషణలో ఉండదు. బురుజు, కందకం, అంబులపొది, తెరచాప వంటి మాటలు నేటి పిల్లలకు కథలలో తప్ప ఎదురుకావు. 1988లో హేస్, ఆరెన్స్ ప్రచురించిన ఆంగ్లభాషా అధ్యయనంలో, చదువుకున్న పెద్దల మామూలు సంభాషణలో కంటె పిల్లల పుస్తకాలలోనే అరుదైన పదాలు ఎక్కువ నిష్పత్తిలో ఉన్నట్లు తేలింది.

1985లో అమెరికాలో పఠన విద్యపై వెలువడిన ఒక జాతీయ నివేదిక, పిల్లలకు చదివి వినిపించడమే వారి పఠన విజయానికి కావలసిన జ్ఞానాన్ని పెంచే పనులలో అతి ముఖ్యమైనదని పేర్కొన్నది. పిల్లలు చదవడం నేర్చిన తరువాత కూడా పై తరగతులలో దీనిని కొనసాగించాలని సూచించింది. అమెరికా శిశువైద్యుల సంఘం 2014లో శైశవం నుండే చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పవలసిందిగా వైద్యులకు సిఫారసు చేసింది.

పద్ధతి

* మూడు, నాలుగేళ్ళ పిల్లలకు బొమ్మల పుస్తకాలు, చిన్న కథలు తగినవి. ఐదారేళ్ళ నుండి ప్రకరణాలుగా ఉన్న పుస్తకాలు మొదలుపెట్టవచ్చును.
* చదివేవారికి నచ్చిన పుస్తకాన్ని ఎంచుకోవడం మంచిది. చదివేవారి విసుగు గొంతులో తెలిసిపోతుంది. వారి ఆనందమూ అంతే.
* రోజూ ఒకే వేళ, ఉదాహరణకు రాత్రి భోజనం తరువాత, పది పదిహేను నిమిషాలు సరిపోతాయి. ఉత్కంఠ ఉన్న చోట ఆపితే మరునాడు పిల్లలే పుస్తకం తెచ్చి ఇస్తారు.
* చదివేవారు తమ ప్రాంతపు యాసలో పలకడం దోషం కాదు. అర్థంకాని మాటకు ఇంటి మాటలో ఒక ముక్క చెప్పి ముందుకు సాగవచ్చును.
* చదివిన వెంటనే ప్రశ్నలు వేసి జవాబులు రాబట్టడం వలన కథ పాఠంగా మారిపోతుంది. పిల్లలు తామే అడిగినప్పుడు మాట్లాడడం మేలు.
* చదివినదే మళ్ళీ చదవమని పిల్లలు కోరడం సహజం. నచ్చని పుస్తకాన్ని మధ్యలో వదిలివేసే స్వేచ్ఛ కూడా వారికి ఉండాలి.

పరిమితులు

వినడం వలన మాత్రమే అక్షరాలు రావు. అక్షరాభ్యాసం విడిగా జరగవలసిందే. ఆడియో పుస్తకాలు భాషను వినిపించగలవు కాని, మధ్యలో ఆగి పిల్లవాని ముఖం చూసి వేగం తగ్గించలేవు. చదవడం రాని తల్లిదండ్రులున్న ఇళ్ళలో ఈ అవకాశం సహజంగా తక్కువ. అటువంటి పిల్లలకు బడిలో ఉపాధ్యాయులు చదివే గంట, శాఖా గ్రంథాలయాలలోని బాలల విభాగాలు ముఖ్యమైనవి. అక్షరాలు వచ్చిన అక్క లేదా అన్న చదవగా తల్లి, తమ్ముళ్ళు వినడం కూడా ఇటువంటి ఇళ్ళలో సాధ్యమే.

ప్రస్తుత పరిస్థితి

చందమామ ప్రచురణ 2010ల తొలి సంవత్సరాలలో ఆగిపోయింది. ఆంగ్ల మాధ్యమంలో చదివే పిల్లలలోను, ప్రవాసాంధ్రుల పిల్లలలోను తెలుగు మాట్లాడగలిగినా చదవలేనివారు అనేకులు. 2007లో సిలికానాంధ్ర ప్రారంభించిన మనబడి వంటి సంస్థలు విదేశాలలో తెలుగు లిపి నేర్పుతున్నాయి. లిపి పట్టుబడని పిల్లలకు తెలుగు నవల చేరాలంటే ఒకరు చదివి వినిపించడమే దగ్గరి దారి. లిపి వచ్చిన తల్లిదండ్రుల తరం ఇంట్లో ఉన్నంతవరకే ఆ దారి సులభంగా తెరిచి ఉంటుంది. ఆ తరం చదవకుండా ఊరుకుంటే, వారు పిల్లలుగా ఆనందించిన ‘పాతాళదుర్గం’, ‘కాంచనద్వీపం’ వంటి పుస్తకాలు లభిస్తున్నా, వారి పిల్లలకు మూసిన తలుపులుగానే మిగులుతాయి.