వనమూలికలు – వనవాసుల విజ్ఞానము

ఉదయగిరి దుర్గమనగానే శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి దానిని గెలుచుకొన్న కథ మనకు స్ఫురించును. ఆ కొండలకు మరియొక సంపదయు కలదు. నెల్లూరు జిల్లా పడమటి సరిహద్దున ఉదయగిరి, ఆత్మకూరు సీమలకు అండగా నిలిచిన వెలికొండల వృక్షసంపదయే అది. లోకమున ఎర్రచందనము సహజముగా పెరుగునది తూర్పు కనుమల దక్షిణభాగమునందే. వెలికొండలు ఆ భాగమునకు చెందినవే. ఇవి వర్షారణ్యములు కావు. వేసవిలో ఆకు రాల్చు మెట్ట అడవులు. అయినను వర్షారణ్యములలో శాస్త్రజ్ఞులు అడుగు ప్రశ్నలనే ఇచ్చటను అడుగవలసియున్నది.

ఒక మొక్కను చుట్టుపట్ల జనులు ఏ పేరున పిలుతురు? దేనికి వాడుదురు? ఏ ఋతువున, ఏ భాగమును, ఎంత మేరకు గ్రహింతురు? ఈ విషయములను శోధించు శాస్త్రమునకు 1895లో హార్ష్‌బర్గర్ అను అమెరికా పండితుడు ఎత్నోబాటనీ అని పేరిడెను. దానిని మనము జనవృక్షశాస్త్రమని చెప్పుకొనవచ్చును.

ఈ శాస్త్రజ్ఞుని పని ఎట్టిది? ఉదయగిరిలో కొయ్యచెంచాలు చెక్కు పనివారు నర్ది, బిక్కి మొదలగు కొయ్యలను వాడుదురు. ఏ కొయ్య ఏ పనికి తగునో వారి చేతులకు తెలియును. శాస్త్రజ్ఞుడు వారి నోట ఆ పేరు విని వ్రాసికొనును. వారితో అడవికి పోయి ఆ చెట్టును చూచును. ఆకు, పువ్వు, కాయలతో కొమ్మను తెచ్చి, కాగితముల నడుమ అదిమి ఎండబెట్టి, స్థలమును, తేదీని లిఖించి భద్రపరచును. ఊరి పేరునకు శాస్త్రనామము జతపడిన పిమ్మటనే ఆ చెట్టు ఎచ్చట ఎంత మిగిలియున్నదో లెక్కింప వీలగును.

పేరులోని తికమక ఎంత నష్టము తెచ్చునో నన్నారి షర్బతే చెప్పగలదు. సుగంధిపాల అను సన్నని తీగ ఒకటి. మారేడు కొమ్ములనబడు లావుపాటి వేళ్ళ తీగ మరియొకటి. రెండింటి వేళ్ళును సువాసన గలవే. రెండును నన్నారి పేరున చలామణి యగుచున్నవి. రెండవదానిని వేళ్ళకై సమూలముగా త్రవ్వుటచే అది అడవులలో అరుదగుచున్నది. రెండును ఒకటే యని తలచువారికి ఈ కొరత కంటబడదు.

ఈ మార్గమున నడచినవారిలో జానకి అమ్మాళ్ ప్రముఖురాలు. 1897లో తలస్సేరిలో జన్మించి, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1931లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టము పొందిరి. కోయంబత్తూరులో చెరకు జాతులపై పరిశోధించిరి. ఇంగ్లండులో పనిచేయుచు, 1945లో డార్లింగ్టనుతో కలిసి సాగుమొక్కల క్రోమోజోములపై మహాగ్రంథమును ప్రకటించిరి. పిమ్మట నెహ్రూ పిలుపుపై స్వదేశమునకు వచ్చి భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ పునర్నిర్మాణమునకు పూనుకొనిరి. వార్ధక్యమున మదరాసు చెంత మదురవాయల్‌లోని పరిశోధన క్షేత్రమున ఓషధులను పెంచిరి. కేరళలోని సైలెంట్ వ్యాలీ వర్షారణ్యమున జలవిద్యుత్తుకై ఆనకట్ట కట్టదలచినపుడు, ఎనుబదియేండ్ల ప్రాయమున ఆమె దానిని వ్యతిరేకించిరి. 1984 ఫిబ్రవరిలో ఆమె కీర్తిశేషులైరి. అదే యేట నవంబరులో ఆ అడవి జాతీయోద్యానముగా ప్రకటింపబడెను.

అడవిని కాపాడిన చాలునా? అడవి నెరిగినవారి హక్కు మాటేమి? 1987లో పుష్పాంగదన్ ప్రభృతులు అగస్త్యకొండలలో తిరుగుచుండగా, దారి చూపు కాణి జాతివారు ఏవో చిన్ని పండ్లు నమలుచు అలసట లేక నడచుట గమనించిరి. ఆ మొక్కయే ఆరోగ్యపచ్చ. దాని నుండి జీవని అను ఔషధము తయారైనది. ఔషధమును తయారుచేయు అనుమతికై వచ్చిన ధనములో సగము కాణివారికి చెందవలెనని నిర్ణయించిరి. అందుకై 1997లో వారి పేర ఒక ధర్మనిధి ఏర్పడినది. స్థానికుల విజ్ఞానమువలన కలిగిన లాభములో వారికి పాలు ఉండవలెనను నియమమును మన దేశమున 2002 నాటి జీవవైవిధ్య చట్టము స్థిరపరచినది.

నెల్లూరు సీమలో తరతరములుగా తేనె, దుంపలు, వేళ్ళు సేకరించుచు వచ్చిన యానాదుల విజ్ఞానమును ఈ దృష్టితోనే చూడవలెను. అది గ్రంథములలో లేదు, పెద్దల నోటనున్నది. పిల్లలు వేరు పనులకు మరలినకొలది ఆ మాటలు వినువారు కరవగుదురు. నరకిన చెట్టు మోడు నుండి చిగిర్చిన చిగుర్చవచ్చును గాని, మరచిన పేరు తిరిగి మొలవదు.

వృక్షశాస్త్రము చదువు మన యువకులు, యువతులు ఈ పనికి పూనుకొనవలెను. దీనికి కావలసినది పట్టము మాత్రమే కాదు. కొండ యెక్కు ఓపిక, పెద్దల మాట వినునట్టి వినయము, విన్నది వారి అనుమతితోనే వెల్లడించు నిజాయితీ. విజ్ఞానము చెప్పినవారి పేరు మొక్క పేరు ప్రక్కన నిలిచిననాడే ఈ శాస్త్రము సార్థకమగును.