బోరు వేయించే ముందు నీటి సంగతి తెలుసుకుందాం

తల్లి మరణించాక ఆమె పేరిట ఏ దానం మేలని హజ్రత్ సాద్ బిన్ ఉబాదా (ర) అడిగితే, నీళ్ల దానమని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఆయన బావి తవ్వించారు. ఆ బాటలోనే మన దాతలు బోర్లు వేయిస్తున్నారు. అయితే హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున, నాలాల పక్కన ఉన్న బస్తీల్లో నీళ్లు పడితే చాలదు. ఆ నీళ్లలో ఏం కలుస్తోందో కూడా తెలియాలి.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ.కోలై అసలు కనిపించకూడదు. ఇది మనిషి పేగుల్లోనే కాదు, గేదె, మేక, కుక్క, కోడి పేగుల్లోనూ ఉంటుంది. కనుక అది కనిపిస్తే మలం కలిసి ఉంటుందని అనుకోవాలి. ఎవరిదో మాత్రం తెలియదు. పైగా మనలాంటి వేడి ప్రాంతాల్లో అది తడిమట్టిలో, నాలా బురదలో చాలాకాలం బతికి, పెరగగలదు కూడా.

మురికి ఎవరిదైతేనేం అనిపించవచ్చు. కానీ జబ్బును బట్టి చేయవలసిన పని మారుతుంది. టైఫాయిడ్ క్రిమి మనుషుల నుంచే వస్తుంది. అక్కడ మురుగు పైపులు బాగుచేయాలి. కాంపైలోబ్యాక్టర్ ఎక్కువగా కోళ్ల నుంచి, ప్రమాదకరమైన ఈ.కోలై ఓ157 రకం పశువుల పేడ నుంచి వస్తాయి. అక్కడ చికెన్ షాపుల వ్యర్థాలు, కొట్టాల పేడ నాలాలో పడకుండా చూడాలి. లెప్టోస్పైరా ఎలుకలు, కుక్కలు, పశువుల మూత్రంతో నీటిలో చేరి, వరదలో నడిచేవారి కాళ్ల గాయాల గుండా ఒంట్లోకి వెళ్తుంది. ఈ.కోలై పరీక్షలో దీని జాడ దొరకదు.

మూలాన్ని పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు బ్యాక్టీరాయిడేల్స్ అనే పేగు సూక్ష్మజీవులను వెతుకుతారు. గాలి తగిలితే ఇవి ఎక్కువకాలం నిలవవు. కనుక ఇవి దొరికితే మలం ఇటీవలే కలిసిందన్నమాట. వీటిలో మనుషులకు, నెమరువేసే పశువులకు, కుక్కలకు ప్రత్యేకమైన రకాలున్నాయి. నీటిని వడగట్టి, అందులోని డీఎన్‌ఏను కరోనా రోజుల్లో మనకు పరిచయమైన పీసీఆర్ పద్ధతితో పరీక్షిస్తారు. అయితే వేరే దేశంలో పనికొచ్చిన గుర్తు ఇక్కడ తప్పుదారి పట్టించవచ్చు. అందుకే ముందుగా స్థానిక పేడ, మురుగు నమూనాలతో సరిచూడాలి. నాలా ఎగువన, దిగువన, వానకు ముందు, వాన తర్వాత నీళ్లు తీసి పోల్చితే మురికి ఎక్కడ కలుస్తోందో బయటపడుతుంది.

ప్రతి బోరుకూ ఇంత ఖర్చు అవసరం లేదు. గ్వాలియర్ రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు 1982లో వెల్లడించిన హెచ్‌2ఎస్ సీసా పరీక్ష చవకైనది. మలం కలిసిన నీరైతే ఒకటి రెండు రోజుల్లో సీసా నల్లబడుతుంది. అప్పుడు ల్యాబుకు పంపవచ్చు. నల్లబడని సీసా కూడా పూర్తి హామీ కాదు.

దాతలకు మా మనవి రెండు మాటల్లో. బోరుకు ఇచ్చే సొమ్ములో కొంత భాగం చుట్టూ గట్టి గచ్చుకు, వానాకాలానికి ముందూ తర్వాతా చేసే నీటి పరీక్షకు కేటాయించండి. బక్రీద్‌నాడు ఖుర్బానీ పేగులు, పేడ నాలాలో వేయకుండా మున్సిపాలిటీ బండికి అప్పగించేలా మీ వీధిలో చూడండి. నిలిచిన నీటిలో మూత్రవిసర్జనను సైతం వారించిన ప్రవక్త (స) అనుచరులం మనం. మీరిచ్చే నీటి చుక్క తాగినవారికి ఆరోగ్యంగా, మీకు నిరంతర పుణ్యంగా నిలవాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. ఆమీన్.