524124: రాకెట్ల ఊరి తపాలా ముద్ర

524124. ఈ ఆరంకెల పిన్ కోడు శ్రీహరికోటది. రాకెట్ ఎగిరే రోజున దేశమంతా టీవీల ముందు కూర్చుని కౌంట్‌డౌన్ లెక్కపెడుతుంటే, కొందరి ధ్యాసంతా ఇక్కడి పోస్టాఫీసు మీదే ఉంటుంది. ఆ రోజు తేదీతో, ఈ ఊరి పేరుతో తమ కవరు మీద గుండ్రటి ముద్ర ఒకటి పడాలి. వాళ్లకు కావలసింది అదే. మనుషులు లేని వ్యోమనౌకలున్న స్టాంపులు, ఆ నౌకలు బయల్దేరిన రోజు ముద్రలు సేకరించేవాళ్లకు శ్రీహరికోట పుణ్యక్షేత్రం లాంటిది. కాకపోతే లోపలికి వెళ్లి దర్శనం చేసుకోవడం అంత సులువు కాదు.

సరస్సు దాటితే దీవి

చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే జాతీయ రహదారి మీద తమిళనాడు సరిహద్దు దాటి తడ మీదుగా వస్తే సూళ్లూరుపేట. అక్కడ తూర్పుకు తిరిగితే పులికాట్ సరస్సు మధ్యగా రోడ్డు సాగుతుంది. చలికాలంలో ఇటూ అటూ నీళ్లలో ఫ్లెమింగోలు, గూడబాతులు. అటకానితిప్ప దాటాక భద్రతా సిబ్బంది గేటు. పాసు లేనివాళ్ల ప్రయాణం అక్కడితో సరి. అవతల ఉన్నది ఒకవైపు సరస్సు, ఇంకోవైపు బంగాళాఖాతం ఉన్న పొడవాటి దీవి. ఒకప్పుడు అడవిని నమ్ముకుని యానాదులు బతికిన చోటు.

రాకెట్ల కోసం ఈ దీవిని 1969లో ఎంపిక చేశారు. తూర్పున అంతా సముద్రమే కాబట్టి ప్రయోగం బెడిసికొట్టినా శకలాలు ఊళ్ల మీద పడవు. భూమి తిరిగే దిక్కుకే ఎగరేస్తే ఆ వేగమూ రాకెట్టుకు కలిసొస్తుంది. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న పరిశోధక రాకెట్‌తో ఇక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. ‘షార్’ అని పిలుచుకునే ఈ కేంద్రానికి 2002 సెప్టెంబర్‌లో సతీష్ ధవన్ పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక నెల్లూరు జిల్లాలోని ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మామూలు మనిషికి ఇవి జనరల్ నాలెడ్జి ప్రశ్నలు. స్టాంపుల మనిషికి ఆధారాలు. కవరు మీద అచ్చయిన కేంద్రం పేరు, జిల్లా పేరు చూసి అది ఏ కాలానిదో చెప్పేస్తాడు.

రాకేశ్ శర్మకు వేరే ఆల్బమ్

ఈ సేకరణలో ఉపగ్రహాలు, చంద్రుడి మీదికీ గ్రహాల మీదికీ వెళ్లిన నౌకలు, రోవర్లు ఉంటాయి. మనిషి కూర్చుని వెళ్లిన నౌకకు చోటు లేదు. 1984లో రాకేశ్ శర్మ యాత్రకు గుర్తుగా వచ్చిన స్టాంపు ఎంత ప్రియమైనదైనా దాన్ని వేరే ఆల్బమ్‌లో పెట్టాల్సిందే. ఈ గీత గీసుకోవడంలో ఒక సౌలభ్యం ఉంది. అంతరిక్షం మీద వచ్చిన స్టాంపులన్నీ కొనాలంటే ఆస్తులు అమ్ముకోవాలి. హద్దు పెట్టుకుంటే చేతిలో ఉన్న డబ్బుతోనే సేకరణకు ఒక రూపం వస్తుంది.

ఈ కథకు మొదటి పేజీ సోవియట్ యూనియన్‌ది. 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్ ఎగిరింది. నవంబర్ 5న నలభై కోపెక్కుల స్టాంపు వచ్చేసింది. అదే నెలాఖరులో, రాకెట్ శాస్త్రానికి ఆద్యుడైన త్సియోల్కోవ్‌స్కీ స్టాంపు మీదనే స్పుత్నిక్ వార్తను అదనంగా అచ్చుకొట్టి మళ్లీ విడుదల చేశారు. అమెరికా 1960 డిసెంబర్‌లో ‘ఎకో’ ఉపగ్రహం స్టాంపు తెచ్చింది. ఆ తర్వాత సాగిన అంతరిక్ష పోటీ తపాలా కౌంటర్ల మీద కూడా నడిచింది.

మన పేజీలు

మన దేశం తరఫున మొదటి పేజీ ఆర్యభటది. 360 కిలోల ఆ ఉపగ్రహాన్ని 1975 ఏప్రిల్ 19న సోవియట్ భూభాగంలోని కపుస్తిన్ యార్ నుంచి ప్రయోగించారు. మర్నాడే మన తపాలా శాఖ 25 పైసల స్టాంపు విడుదల చేసింది. ఇరవై ఆరు ముఖాలతో దాదాపు బంతిలా ఉండే ఆ రూపం తర్వాత రెండు రూపాయల నోటు వెనకకు కూడా ఎక్కింది. అయిదు రోజులు తిరక్కుండానే విద్యుత్ సరఫరా దెబ్బతిని ఆర్యభటలోని ప్రయోగాలు ఆగిపోయాయి. స్టాంపులో మాత్రం ఆ సంగతి ఉండదు. అప్పటికే అది అచ్చయి, కౌంటర్లకు చేరి, ఉత్తరాల మీద ఊళ్లు తిరుగుతోంది.

ఆర్యభట పంపిన సంకేతాలను అందుకున్న కేంద్రాల్లో శ్రీహరికోట ఒకటి. సొంతంగా ఉపగ్రహాన్ని పంపడానికి ఈ దీవి ఇంకో ఐదేళ్లు ఆగింది. 1980 జూలై 18 ఉదయం ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. సరిగ్గా ఏడాదికి, 1981 జూలై 18న, దానికి స్టాంపు వచ్చింది. శ్రీహరికోట నుంచి కక్ష్యకు చేరిన తొలి ఉపగ్రహం ఇదే కాబట్టి ఈ ఊరి కథ చెప్పే ఏ ఆల్బమైనా దీనితోనే మొదలవ్వాలి.

1982 జూన్‌లో ‘యాపిల్’ స్టాంపు వచ్చింది. ఆ ఉపగ్రహం ఏడాది ముందు ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్ రాకెట్‌లో వెళ్లింది. ఎద్దుల బండి మీద ఉపగ్రహాన్ని నిలబెట్టి తీసిన పాత ఫొటో చాలామందికి గుర్తుండే ఉంటుంది, అది యాపిల్‌దే. యాంటెన్నా పరీక్షకు లోహం లేని వేదిక కావలసి వచ్చి బండి తెప్పించారు.

శ్రీహరికోట నుంచి ఎగిరిన నౌకలు విదేశీ స్టాంపుల మీదికీ వెళ్లాయి. భారత్-ఫ్రాన్స్ అంతరిక్ష సహకారానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2015లో రెండు దేశాలూ కలిసి స్టాంపులు తెచ్చాయి. వాటి మీద ఉన్నవి మేఘా ట్రోపిక్స్, సరళ్ ఉపగ్రహాలు. మొదటిది 2011 అక్టోబర్‌లో, రెండోది 2013 ఫిబ్రవరిలో పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మీద ఇక్కడి నుంచే వెళ్లాయి. ఒకే నౌక, రెండు దేశాల స్టాంపులు, ఒక ప్రయోగ కేంద్రం: ఈ మూడూ ఒక పేజీలో అమర్చడం సేకర్తకు పండగే.

స్టాంపు చెప్పనిది ముద్ర చెబుతుంది

తపాలా శాఖ విజయానికే స్టాంపు వేస్తుంది. ఓడిపోయిన రాకెట్టుకు ఎవరూ స్టాంపు వేయరు. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమై బంగాళాఖాతంలో కూలింది. 1993 సెప్టెంబర్ 20న పీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగానిదీ అదే గతి. ఆ రోజులకు స్టాంపులు లేవు. అయితే ఆ రోజుల్లోనూ పోస్టాఫీసు తెరిచే ఉంది, ఉత్తరాల మీద ముద్ర పడుతూనే ఉంది. అలాంటి తేదీతో కవరు దొరికితే అనుభవమున్న సేకర్త విజయోత్సవ స్టాంపు కన్నా దానికే ఎక్కువ విలువ కడతాడు. చరిత్రలో సగం వైఫల్యాలే కదా. వాటికి తపాలా సాక్ష్యం ఈ ముద్ర ఒక్కటే.

అంతర్జాతీయ ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) సమాఖ్య 1985లో ‘ఆస్ట్రోఫిలాటెలీ’ అని ఒక ప్రత్యేక విభాగమే పెట్టింది. అక్కడ బొమ్మ అందం కన్నా ముద్ర మీది తేదీ, ఊరి పేరు ముఖ్యం. ప్రయోగం జరిగిన రోజునే, ఆ కేంద్రానికి చెందిన పోస్టాఫీసులోనే ముద్ర పడి ఉండాలి. ఒక్క రోజు తేడా వచ్చినా అది మామూలు కవరే.

అందుకే వాయిదాలంటే వీళ్లకు హడల్. చంద్రయాన్-2 ప్రయోగం 2019 జూలై 15 తెల్లవారుజామున 2.51కి జరగాల్సింది. యాభై ఆరు నిమిషాల ముందు ఆపేశారు. చివరికి జూలై 22 మధ్యాహ్నం 2.43కి ఎగిరింది. 15వ తేదీ ముద్రతో ఉన్న కవరు ప్రయోగ కవరు కాదు. అలాగని చెత్తబుట్టలో వేసేదీ కాదు. ‘ఆగిన రోజు’ అని కింద ఒక వరుస రాసి 22వ తేదీ కవరు పక్కన పెడితే, ఆ వారంలో ఏం జరిగిందో పేజీయే చెప్పేస్తుంది.

ముద్ర వేయించడం కూడా ఒక పనితనమే. కవరు పల్చగా ఉంటే అచ్చు అలుక్కుపోతుంది కాబట్టి లోపల అట్టముక్క పెట్టి ఇవ్వాలి. స్టాంపు కుడి మూలకు మరీ అంచున అంటించకూడదు. పని తెలిసిన గుమస్తా అయితే ముద్రను ఇంకు ప్యాడ్ మీద నొక్కి, ముందు చిత్తుకాగితం మీద ఒకటి కొట్టి చూసుకుంటాడు. తర్వాత సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడేలా నిటారుగా దించుతాడు. పైన ఊరి పేరు, నడుమ తేదీ, కింద పిన్ కోడు అంకెలు విడివిడిగా కనిపిస్తే ఆ కవరు నెగ్గినట్టు. చెయ్యి వణికి ముద్ర జంటగా పడిందా, ఇక చేసేదేమీ లేదు. ఆ తేదీ మళ్లీ రాదు.

గేటు దాటలేనివాళ్లు తమ చిరునామా రాసిన కవర్లను ఒక విన్నపంతో కలిపి ముందుగానే పోస్ట్‌మాస్టర్‌కు పంపుతారు. లేదంటే సూళ్లూరుపేట పోస్టాఫీసులో ముద్ర వేయించుకుని సరిపెట్టుకుంటారు. ముఖ్యమైన సందర్భాలకు తపాలా శాఖ విడుదల చేసే ప్రత్యేక కవర్ల మీద బొమ్మ ముద్ర కూడా ఉంటుంది. చూడటానికి అవే బాగుంటాయి. కానీ గట్టి సేకర్త వాటి పక్కన రోజువారీ గుండ్రటి ముద్ర ఉన్న సాదా కవరు కూడా పెట్టుకుంటాడు.

ప్లూటోకు వెళ్లిన స్టాంపు

స్టాంపు మీద నౌక ఉండటం మామూలే. నౌక మీద స్టాంపు వెళ్లిన కథ ఒకటుంది. 1991లో అమెరికా తపాలా శాఖ ఒక్కో గ్రహానికి, అక్కడికి వెళ్లిన నౌక బొమ్మతో 29 సెంట్ల స్టాంపులు తెచ్చింది. ప్లూటో దగ్గరికి అప్పటికి ఏ నౌకా వెళ్లలేదు. దాంతో ఆ స్టాంపు మీద నౌక బొమ్మ లేకుండా, ‘ప్లూటో, ఇంకా అన్వేషించనిది’ అని అచ్చు వేశారు. ఆ మాట అక్కడి శాస్త్రవేత్తలకు సవాలులా తగిలింది. 2006 జనవరి 19న న్యూ హొరైజన్స్ బయల్దేరినప్పుడు అదే స్టాంపు ఒకటి దాంట్లో అమర్చి పంపారు. 2015 జూలై 14న ఆ నౌక ప్లూటో పక్కనుంచి దూసుకుపోయింది. అత్యంత దూరం ప్రయాణించిన తపాలా స్టాంపుగా అది గిన్నిస్ రికార్డుకెక్కింది. 2016లో కొత్త స్టాంపు వచ్చింది. ఈసారి దాని మీద అచ్చయిన మాట: ‘ప్లూటో, అన్వేషించాం!’

ప్యాకెట్ల మాయ

కొత్తగా దిగేవాళ్లు ఒక విషయంలో జాగ్రత్త పడాలి. ఎగ్జిబిషన్లలో, పుస్తకాల షాపుల్లో దొరికే ‘అంతరిక్షం’ ప్యాకెట్లలో అజ్మాన్, ఫుజైరా, రస్ అల్ ఖైమా పేర్లతో రంగురంగుల స్టాంపులు చాలా ఉంటాయి. ఎమిరేట్ల సమాఖ్య ఏర్పడక ముందు, 1960ల చివర, 1970ల మొదట్లో వాటిలో ఎక్కువ భాగాన్ని సేకర్తల జేబుల కోసమే అచ్చు వేశారు. ముద్ర కూడా ప్రెస్సులోనే పడిపోయి ఉంటుంది. ఉత్తరం మీద అంటించింది తక్కువ. పిల్లల సరదాకు బాగుంటాయి, డబ్బు పెట్టుబడికి పనికిరావు. చంద్రుడి మీదికి వెళ్లిన లూనా నౌకలు, లునోఖోద్ బండి ఉన్న సోవియట్, హంగరీ, మంగోలియా స్టాంపులు కూడా చవగ్గానే దొరుకుతాయి. వాటితో మొదలుపెడితే చరిత్రయినా చేతికొస్తుంది.

మీరూ మొదలుపెట్టాలంటే

హైదరాబాద్ అబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసులో ఫిలాటెలీ బ్యూరో ఉంది. పెద్ద హెడ్ పోస్టాఫీసుల్లో ఫిలాటెలీ కౌంటర్లు ఉంటాయి. రెండు వందల రూపాయలతో ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త స్టాంపులు ఇంటికే పంపుతారు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే పిల్లలకు ‘దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన’ కింద ఏడాదికి ఆరు వేల రూపాయల ఉపకార వేతనం కూడా ఉంది. పాఠశాల ఫిలాటెలీ క్లబ్బులో సభ్యత్వమో, సొంత డిపాజిట్ ఖాతానో ఉండాలి, క్విజ్, ప్రాజెక్టు నెగ్గాలి. తెలుగు పిల్లల ప్రాజెక్టుకు శ్రీహరికోట కన్నా దగ్గరి విషయం ఇంకేముంటుంది?

షార్‌లో 2019 నుంచి ప్రయోగాలను జనం చూడటానికి గ్యాలరీ ఉంది. ముందుగా పేరు నమోదు చేసుకుంటే అనుమతి దొరుకుతుంది. ఈసారి ప్రయోగానికి వెళ్లేటప్పుడు మీ చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరొకటి సంచిలో పెట్టుకోండి. సెల్‌ఫోన్‌లో అందరూ తీసే పొగ వీడియో తీసినా తీయకపోయినా, తిరుగు దారిలో సూళ్లూరుపేటలో పోస్టాఫీసు మూసేలోపు ఆ కవరు మీద ఆ రోజు ముద్ర వేయించండి.