మీకు తెలుసా? జర్మనీ ‘జి3’ రూపుదిద్దుకున్నది స్పెయిన్‌లో!

జర్మన్ సైన్యం దాదాపు నలభై ఏళ్లు భుజాన మోసిన జి3 రైఫిల్‌కు స్పెయిన్‌తో గట్టి బంధం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జర్మనీకి చెందిన మౌజర్ కంపెనీ ఇంజినీర్లు కొత్త రైఫిల్ కోసం మొదలుపెట్టిన ప్రయోగాలు ఆ దేశ ఓటమితో ఆగిపోయాయి. వాళ్లలో ఒకరైన లుడ్విగ్ ఫోర్‌గ్రిమ్లర్ ముందు ఫ్రాన్స్‌లో, ఆ తర్వాత స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ‘సెట్మే’లో ఆ పనిని కొనసాగించాడు. ఆ డిజైన్‌నే మెరుగుపరిచి 1959లో పశ్చిమ జర్మనీ తన సైన్యానికి జి3గా ఇచ్చింది.

దీని పనితనమంతా రెండు చిన్న ఉక్కు రోలర్లలో ఉంది. తూటా పేలగానే బోల్టు ఒక్కసారిగా వెనక్కి దూసుకురాకుండా అవి రెప్పపాటు నిలవరిస్తాయి. పేలిన ఇత్తడి తొడుగును చేతిలోకి తీసుకుని చూస్తే పొడవునా సన్నటి నల్లటి చారలు కనిపిస్తాయి. తొడుగు లోపల అతుక్కుపోకుండా ఛాంబర్‌లో చెక్కిన గాళ్ల గుర్తులవి!

జి3లో రకాలూ ఉన్నాయి: జి3ఏ3కి ప్లాస్టిక్ బట్, జి3ఏ4కి లోపలికి జరిపే బట్. జి3ఎస్‌జి/1 గురి తప్పని షూటర్ల కోసం టెలిస్కోప్‌తో వచ్చింది. ఇదే యంత్రాంగాన్ని కుదించి 9 మి.మీ. తూటాకు అమర్చగా పుట్టిందే మన ఎన్‌ఎస్‌జీ కమాండోల చేతుల్లో కనిపించే ఎంపీ5. పాకిస్థాన్‌లోని వాహ్ కర్మాగారంలోనూ జి3లు తయారయ్యాయి.

1990ల చివర్లో జర్మన్ సైన్యంలో జి3 స్థానంలోకి జి36 రైఫిల్ వచ్చినా, అఫ్గానిస్థాన్‌లో దూరపు లక్ష్యాల కోసం జర్మన్ సైనికులు పాత జి3లకే టెలిస్కోపులు బిగించి మళ్లీ వాడారు.